దారి, చెట్టు, ఇల్లు: కవిత్వంలో పశ్చాత్తాపం ఎన్ని రూపాలెత్తుతుంది?

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం, గతజల సేతుబంధనం, అడుసు తొక్కనేల కాలు కడగనేల. ఎవరో తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టి బాధపడుతుంటే ఈ మూడింట్లో నోటికి ఏది ముందొస్తే అది అనేస్తాం. కానీ కాస్త ఆగి చూస్తే మూడూ మూడు వేరు వేరు సంగతులు. బురద తొక్కినవాడు కాలు కడుక్కుంటే పోతుంది, శ్రమ దండగ, అంతే. చేతులు కాల్చుకున్నవాడికి గాయం మానుతుంది గానీ మచ్చ ఉండిపోతుంది. నీళ్లన్నీ వెళ్లిపోయాక గట్టు కట్టేవాడికి ఒంటి మీద చిన్న దెబ్బ కూడా లేదు, అయినా వాడు పోగొట్టుకున్నది ఇక ఎప్పటికీ తిరిగి రాదు. ఒకటి కడిగేస్తే పోయే చింత, ఒకటి మచ్చగా మిగిలే చింత, ఒకటి లోటుగా మిగిలే చింత. మనం బాధను పోల్చడానికి ఏ వస్తువును ఎంచుకున్నామో దాన్ని బట్టి ఆ బాధ ఎలాంటిదో, దానికి మందుందో లేదో ముందే తేలిపోయింది.

కవులు చేసేదీ ఇదే, కాకపోతే తెలిసి చేస్తారు. రూపకాన్ని మనం బడిలో అలంకారాల పాఠంలో చదువుకున్నాం, నిర్వచనం బట్టీ పట్టి ఉదాహరణ రాస్తే మార్కులొచ్చేవి, అందుకే చాలామందికి అది కవితకు చివర్లో తొడిగే నగ అన్న అభిప్రాయం ఉండిపోయింది. జీవితంలో ఎంపికల గురించి, వాటి మీద వచ్చే చింత గురించి రాసిన మంచి కవితలు చదివితే ఆ అభిప్రాయం నిలవదు. అక్కడ రూపకం ఒక తీర్పు లాంటిది. తప్పెవరిది? వెనక్కి వెళ్లే వీలుందా? వదిలేసుకున్న ఆ రెండోది నిజంగా మన చేతికి అందేదేనా? కవి తన బాధను దారి అన్నాడా, చెట్టు అన్నాడా, ఇల్లు అన్నాడా అన్నదాంట్లోనే ఈ ప్రశ్నలకు సగం జవాబు ఉంటుంది. మిగతా సగం ఆ రూపకం ఎక్కడ పగులుతుందో అక్కడ ఉంటుంది.

పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రూపకానికి చాలా పొదుపైన నిర్వచనం ఇచ్చాడు: ఉపమానానికీ ఉపమేయానికీ అభేదం చెప్పడం. జీవితం దారిలా ఉంది అంటే ఉపమ, జీవితమే దారి అంటే రూపకం. వ్యాకరణం లెక్కన చిన్న తేడానే, కానీ అభేదం అన్నాక దారికి ఉన్న లక్షణాలన్నీ పిలవకుండానే జీవితంలోకి వచ్చేస్తాయి. దారి అంటే ఎటో వెళుతుంది, కాబట్టి జీవితానికి గమ్యం ఉండాలి. దారిలో మలుపులుంటాయి, కాబట్టి ఏదో ఒక చోట ఆగి ఎటు వెళ్లాలో తేల్చుకునే క్షణం ఉండాలి. దారి తప్పొచ్చు. ఇవేవీ మనం జీవితాన్ని పరిశీలించి కనుక్కున్నవి కావు, దారి నుంచి అప్పు తెచ్చుకున్నవి.

1980లో భాషాశాస్త్రవేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ ఇలాంటి రూపకాలు కవుల సొత్తు కాదని, మనం రోజూ ఆలోచించే తీరే వీటి మీద నడుస్తోందని ఒక పుస్తకమే రాశారు. 1989లో లేకాఫ్, మార్క్ టర్నర్‌తో కలిసి కవిత్వం వైపు తిరిగాడు. కవులు చాలాసార్లు అందరూ వాడే రూపకాలనే తీసుకుంటారట, తీసుకుని వాటిని సాగదీస్తారు, ఎవరూ పట్టించుకోని వివరాలు నింపుతారు, రెండు మూడింటిని కలిపి అల్లుతారు, ఒక్కోసారి ఆ రూపకాన్నే నిలదీస్తారు. నాకు ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. పశ్చాత్తాపం మీద గొప్ప కవితలు ఎక్కువగా ఈ నిలదీతలోంచే పుట్టాయి.

దారి రూపకం సంగతి మాట్లాడితే అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ 'ది రోడ్ నాట్ టేకెన్' దగ్గర ఆగక తప్పదు. 1915 ఆగస్టులో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అచ్చయింది, మరుసటి ఏడు వచ్చిన సంపుటిలో మొదటి కవిత అయింది. అప్పటినుంచీ దాన్ని ధైర్యవచనంగా చదివేవాళ్లే ఎక్కువ. అందరూ నడిచే దారి వదిలి, ఎవరూ నడవని దారి పట్టాను, అందుకే నా జీవితం మారింది, అని. పోస్టర్ల మీదా, వీడ్కోలు ప్రసంగాల్లోనూ కనిపించేది ఆ చివరి మూడు పంక్తులే.

కవితను మొదటినుంచీ నెమ్మదిగా చదవండి. ఆకులు పసుపెక్కిన అడవిలో రెండు దారులు చీలాయి. మాట్లాడుతున్న మనిషి ఒక దారిని చూపు ఆనినంత దూరం చూస్తాడు, అది పొదల్లో మలుపు తిరిగేదాకా. తర్వాత రెండోది పడతాడు. ఎందుకంటే అందులో గడ్డి ఎక్కువుంది, నడిచేవాళ్లు తక్కువేమో అంటాడు. వెంటనే, ఊపిరి తీసుకునేలోపే, నిజానికి రెండూ దాదాపు ఒకేలా అరిగాయి అంటాడు. ఆ పొద్దున రెండు దారుల మీదా ఆకులు ఒకేలా పరుచుకుని ఉన్నాయి, ఏ అడుగూ వాటిని నల్లబరచలేదు అని కూడా అంటాడు. ఎవరూ నడవని దారి అన్నది ఆ అడవిలో లేనే లేదు. మరి చివరి మాట? అది ఆ రోజు చెప్పిన మాట కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత, ఎక్కడో కూర్చుని, ఒక నిట్టూర్పుతో ఇలా చెబుతాను అని అతను ముందే ఊహిస్తున్న మాట. అలా దారి పట్టాడో లేదో, భవిష్యత్తులో తన నిర్ణయానికి తాను ఎలాంటి కథ అల్లబోతాడో అతనికి అప్పుడే తెలుసు. కారణం లేని ఎంపికకు తర్వాత కారణం తయారవుతుంది. ఇది నాకు ధైర్యం కంటే చాలా లోతైన విషయం అనిపిస్తుంది, కాస్త భయం కూడా వేస్తుంది, ఎందుకంటే మనం మన గతం గురించి చెప్పుకునే 'అందుకే అలా చేశాను'లలో ఎన్ని ఆ రోజువో, ఎన్ని తర్వాత అల్లినవో మనకే తెలీదు.

ఇంకా శీర్షిక చూడండి. నడిచిన దారి పేరు కాదది, వదిలేసిన దారి పేరు. కవిత పొడుగునా మాట్లాడుతున్నది ఒక దారి గురించి, పేరు మాత్రం ఇంకోదానిది. పశ్చాత్తాపం మనలో ఎలా కాపురముంటుందో చెప్పడానికి ఇంతకంటే పొదుపైన పద్ధతి ఉందనుకోను.

ఈ కవిత వెనక ఉన్న మనిషి బ్రిటిష్ కవి ఎడ్వర్డ్ థామస్. ఇంగ్లండులో ఉన్నప్పుడు ఫ్రాస్ట్‌కి దగ్గరి స్నేహితుడు, ఇద్దరూ కలిసి పల్లెదారుల వెంట తెగ నడిచేవాళ్లు. ఏ దారిన వెళ్లినా, రెండోదానిలో వెళ్లి ఉంటే ఇంకేదైనా చూపించేవాణ్ణి కదా అని థామస్ బాధపడేవాడు. ఫ్రాస్ట్ ఆ స్వభావాన్ని ఆటపట్టిస్తూ ఇది రాశాడు. థామస్ ఆ ఆటను ఆటగా తీసుకోలేకపోయాడు. 1915 జూలైలో సైన్యంలో చేరాడు, 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్స్‌లోని ఆరాస్ యుద్ధంలో చనిపోయాడు. కవిత వల్లే చేరాడని చెప్పడం అతి అవుతుంది, మనిషి నిర్ణయాలకు అంత సూటి కారణాలు ఉండవు, ఆ కవిత చెబుతున్నదే అది కదా.

దారి రూపకం మనకు ఇచ్చేది చాలా ఉంది: రెండు అవకాశాలూ ఒకేసారి కళ్ల ముందుంటాయి, రెండింట్లో ఒకదానిలోనే వెళ్లగలం, ఒక దారి ఇంకో దారికి తీసుకెళ్తుంది కాబట్టి మళ్లీ మొదటికి రాలేం. అది దాచేది కూడా అంతే ఉంది. దారులు మనకంటే ముందే అక్కడ వేసి ఉంటాయి, కానీ జీవితంలో మనం ఎంచుకోని పెళ్లి, ఎంచుకోని ఉద్యోగం ఎక్కడా తయారుగా లేవు, మనం వెళ్లి ఉంటే మనతోపాటు తయారై ఉండేవి. నడిచిన దారిలో ప్రతి రాయీ పాదానికి తెలుసు. వదిలేసిన దారిలో రాళ్లు ఉండవు, ఎందుకంటే దాన్ని వేసింది మన ఊహే. 1994లో థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఇటీవలి సంగతుల్లో మనుషులు ఎక్కువగా చేసిన పనులకు చింతిస్తారు, వెనక్కి తిరిగి మొత్తం జీవితాన్ని చూసుకున్నప్పుడు చేయని పనులకే ఎక్కువగా చింతిస్తారు అని. చేసిన తప్పుకు ఒక అంచు ఉంటుంది, జరిగిందేదో జరిగి ఆగిపోయింది. చేయనిదానికి అంచు లేదు, ఏళ్లు గడిచేకొద్దీ ఊహలో పెరుగుతూనే ఉంటుంది.

అసలు దారే లేదు పో, అన్న కవి ఒకడున్నాడు. అలెగ్జాండ్రియాలో పుట్టి అక్కడే పోయిన గ్రీకు కవి కవాఫీ (1863–1933). 1910లో అచ్చయిన 'నగరం' కవితలో రెండే చరణాలు. మొదటి చరణంలో ఒకతను అంటాడు: ఇంకో దేశం వెళ్లిపోతాను, ఇంకో తీరం చేరతాను, దీనికంటే మంచి ఊరు ఎక్కడో ఉండే ఉంటుంది, ఇక్కడ ఎటు చూసినా నా జీవితపు నల్లటి శిథిలాలే. రెండో చరణం అతనికి జవాబు. కొత్త చోటేదీ నీకు దొరకదు, ఈ నగరం నీ వెంటే వస్తుంది, ఇవే వీధుల్లో తిరుగుతావు, ఇవే పేటల్లో ముసలివాడివవుతావు, నీకు ఓడ లేదు, దారి లేదు, ఈ చిన్న మూలలో నీ జీవితాన్ని ఎలా పాడు చేసుకున్నావో ప్రపంచమంతటా అలాగే పాడు చేసుకున్నావు.

ఇందాక చెప్పిన నిలదీత ఇదే. దారి రూపకానికి ఊపిరి పోసే నమ్మకం ఒకటుంది, చోటు మారితే మనిషి మారతాడని. కవాఫీ దాన్ని తిరగేసి చోటునే మనిషి లోపలికి తోసేశాడు. లోపలున్న ఊరి నుంచి టికెట్ కొనుక్కుని ఎక్కడికి పోతాం? ఈ కవిత చెప్పేది నిజమని నేను ఒప్పుకోను, చోటు మారి బాగుపడ్డవాళ్లు లోకంలో లెక్కలేనంతమంది ఉన్నారు. కానీ నిరాశ లోపలినుంచి మాట్లాడితే దాని గొంతు ఇలాగే ఉంటుంది, అంత నమ్మకంగా, ఒక్క సందు కూడా వదలకుండా. ఆ జవాబు చెబుతున్నది వేరే ఎవరో కాక అతని లోపలి గొంతే అనుకుని చదివితే కవిత ఇంకా బరువెక్కుతుంది.

కవాఫీదే ఇంకో కవిత ఉంది, 1901 నాటిది, నా దృష్టిలో పశ్చాత్తాపం మీద వచ్చిన కవితలన్నిట్లో అత్యంత నిజాయితీ గలది. కొందరికి ఒక రోజు వస్తుంది, ఆ రోజు పెద్ద 'అవును' గానీ పెద్ద 'కాదు' గానీ చెప్పితీరాలి. 'అవును' లోపల సిద్ధంగా ఉన్నవాడు చెప్పి ముందుకు సాగుతాడు, గౌరవంతో, నమ్మకంతో. 'కాదు' అన్నవాడు చింతించడు. మళ్లీ అడిగితే మళ్లీ కాదనే అంటాడు. అయినా ఆ 'కాదు', సరైన ఆ 'కాదు', అతణ్ణి జీవితాంతం కిందికి నొక్కుతూనే ఉంటుంది. ఇందులో దారి లేదు, అడవి లేదు, ఉన్నదల్లా ఒక బరువు. బరువు అనగానే ఏమైందో చూడండి: తప్పొప్పుల ప్రశ్న పక్కకు పోయింది. దారి రూపకంలో బాధపడుతున్నామంటే తప్పు దారి పట్టామనే అర్థం. బరువుకు ఆ గొడవ లేదు, సరైనది మోసినా భుజం నొప్పి పుడుతుంది. సరైన నిర్ణయం తీసుకుని కూడా ఏళ్ల తరబడి కుంగిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లను చూసి మనం 'మరి ఎందుకు బాధ, నువ్వు చేసింది కరెక్టే కదా' అంటాం, వాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఈ ఎనిమిది పంక్తులు ఆ జవాబు.

ఆ కవిత పేరు ఇటలీ మహాకవి దాంతే నుంచి తీసుకున్నది. నరకయాత్ర చెప్పే అతని ఇన్ఫెర్నో కావ్యం మూడో సర్గలో, నరకం గుమ్మం దగ్గర, పిరికితనంతో గొప్ప తిరస్కారం చేసినవాడి నీడ ఒకటి కనిపిస్తుంది. కవాఫీ ఆ పంక్తినే శీర్షికగా పెట్టుకున్నాడు, కానీ 'పిరికితనంతో' అన్న మాటను తీసేసి ఆ చోట చుక్కలు పెట్టాడు. దాంతే చెప్పిన తీర్పును అలా శీర్షికలోనే రద్దు చేశాడు.

దారికీ బరువుకీ ఒక పోలిక ఉంది: రెండింట్లోనూ నిర్ణయం ఒక్క క్షణంలో జరిగిపోతుంది. మన బతుకుల్లో చాలా నిర్ణయాలకు అలాంటి క్షణమే ఉండదు. ఏ రోజు తాగుడు అలవాటయింది? ఏ రోజు అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు? తేదీ చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. దీనికి కవులు వెతుక్కున్న రూపకం చెట్టు.

మహాభారతం ఆదిపర్వం మొదటి అధ్యాయంలోనే ఒక శ్లోకం ఉంది. దుర్యోధనుడు కోపంతో నిండిన మహావృక్షం, కర్ణుడు దాని మాను, శకుని కొమ్మలు, దుశ్శాసనుడు నిండుగా పూసి కాసిన పువ్వూ పండూ, వేరు మాత్రం బుద్ధిలేని ధృతరాష్ట్ర మహారాజు. దీని పక్కనే ధర్మరాజును ధర్మవృక్షంగా చెప్పే జంట శ్లోకం కూడా ఉంది గానీ నాకు ఈ మొదటిదే పని చేసే శ్లోకంగా కనిపిస్తుంది. ఇంత పెద్ద యుద్ధానికి బాధ్యత ఎవరిదని అడిగితే దుర్యోధనుడి పేరో శకుని పేరో చెప్తాం. చెట్టు అన్నాక లెక్క మారిపోతుంది. కంటికి కనిపించేవన్నీ పైన ఉన్నాయి, వాటిని నిలబెట్టినది మట్టిలో ఉంది, కదలదు, మాట్లాడదు, నీళ్లు పీల్చి పైకి పంపిస్తుంది. ధృతరాష్ట్రుడు చేసిందీ అదే, ఏ ఒక్క ఘోరమూ స్వయంగా చేయలేదు, దేన్నీ ఆపనూ లేదు. చేయకపోవడం కూడా ఒక ఎంపికే అన్న సంగతిని ఉపన్యాసం లేకుండా ఒక్క మాటలో, వేరు అనే మాటలో, పెట్టేశాడు కవి.

అదే అధ్యాయంలో కొంత ముందుకెళితే ధృతరాష్ట్రుడు స్వయంగా గొంతు విప్పుతాడు. ఫలానాది విన్నప్పుడే, సంజయా, గెలుపు మీద ఆశ వదులుకున్నాను, ఫలానాది విన్నప్పుడే ఆశ వదులుకున్నాను, అంటూ శ్లోకం తర్వాత శ్లోకం, అదే పల్లవి. అన్నీ విన్న సంగతులే, వాటిలో తాను చేసినవి లేవు, ఆపగలిగీ ఆపనివి లేవు. పోగొట్టుకున్నవాడి దుఃఖం అందులో నిండా ఉంది. తనే వేరు అన్న మాటను మాత్రం కథ చెప్పేవాడే చెప్పాడు, అతను చెప్పుకోలేదు.

ఇంగ్లిషు కవి విలియం బ్లేక్ కూడా కోపాన్ని చెట్టే అన్నాడు, 1794లో, 'ఏ పాయిజన్ ట్రీ' కవితలో. స్నేహితుడి మీద కోపమొస్తే చెప్పేశాను, పోయింది. శత్రువు మీద వస్తే చెప్పలేదు, పెరిగింది. భయాలతో, కన్నీళ్లతో నీళ్లు పోశాను, చిరునవ్వులతో ఎండ చూపించాను, చివరికి మెరిసే ఆపిల్ ఒకటి కాసింది. శత్రువు రాత్రివేళ తోటలోకి దొంగతనంగా వచ్చాడు, పొద్దున లేచి చూస్తే చెట్టు కింద పడి ఉన్నాడు. మాట్లాడేవాడికి పశ్చాత్తాపం లేదు, సంతోషిస్తున్నానంటాడు, ఆ లేకపోవడమే చదివేవాడి ఒళ్లు జలదరింపజేస్తుంది. ఇందులో హత్య ఏ రోజున జరిగినట్టు? చెట్టు రూపకంలో ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. రోజూ పోసిన నీళ్లన్నీ కలిపితేనే ఆ పని.

చెట్టుకంటే ముందు విత్తనం ఉంటుంది కదా, మన ధూర్జటి అక్కడికే వెళ్లాడు. కాళహస్తీశ్వర శతకంలో 'రాజుల్ మత్తులు వారిసేవ నరకప్రాయంబు' అన్న పద్యం తెలుగువాళ్లలో చాలామందికి నోటికొచ్చు. ఆ మొదటి పాదంలోని తిట్టు దగ్గరే ఆగిపోతాం గానీ అసలు రూపకం తర్వాత వస్తుంది: రాజులిచ్చే అందగత్తెలు, పల్లకీలు, గుర్రాలు, నగలు అన్నీ 'ఆత్మవ్యథా బీజంబుల్', మనసు పడబోయే బాధకు విత్తనాలు. ఇచ్చిన రోజున అవి కానుకలే, చేతిలో పెట్టుకుంటే బాధ లాంటిదేమీ కనిపించదు, విత్తనంలో చెట్టు కనిపించదు కాబట్టి. అందుకే ఎంచుకున్న రోజున మనకు తెలియకపోవడం నేరంగా చూపించడు ధూర్జటి. తెలిశాక 'చాలు' అనడం ఒక్కటే మన చేతిలో ఉందంటాడు, ఆ పద్యంలోనే ఆ మాట అనేస్తాడు కూడా.

బాధ్యత మొత్తం మన మీదినుంచి దింపేసే రూపకమూ ఉంది, రాత. మనకు తలరాత కొత్త కాదు. ఫిట్జెరాల్డ్ 1859లో ఇంగ్లీషులోకి తెచ్చిన పారశీక కవి ఖయ్యాం రుబాయీల్లో, ఆ నాలుగు పాదాల పద్యాల్లో, రాస్తూ ముందుకు సాగిపోయే వేలు ఒకటుంటుంది, నీ భక్తి గానీ తెలివి గానీ దాన్ని వెనక్కి పిలిచి అరపంక్తి కూడా కొట్టేయించలేవు, నీ కన్నీళ్లన్నీ కలిసినా ఒక్క మాటను చెరపలేవు. ఖయ్యాంను దువ్వూరి రామిరెడ్డి పానశాల ద్వారా మన భాషలో చదువుకున్నాం. రాసేది వేరెవరో అయినప్పుడు తప్పు మనది కాదు, అది ఊరటే. దిద్దుకునే హక్కూ మనది కాదు, ఆ ఊరటకు ధర అది. ఈ రూపకంతో నాకు పెద్దగా పొసగదు, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ (1830–1886) చెట్టూ దారీ వదిలి ఇంట్లోకి వచ్చింది. పశ్చాత్తాపమంటే జ్ఞాపకం మేలుకుని ఉండటం అంటుంది. వెళ్లిపోయిన పనులు, ఎప్పుడో చేసి మరిచిపోయినవి, కిటికీ దగ్గరా తలుపు దగ్గరా వచ్చి నిలబడతాయి. గతం ఆత్మ ముందు పరిచి ఉంటుంది, చదువుకోవడానికి ఒక అగ్గిపుల్ల వెలుగు. ఇల్లు అనేసరికి వెనక్కి వెళ్లగలమా లేదా అన్న గొడవ ఎగిరిపోయింది, మనం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, గతమే ఇంటి చుట్టూ తిరుగుతోంది. ఈ జబ్బును దేవుడు కూడా నయం చేయలేడంటుంది చివర్లో, ఎందుకంటే అది ఆయన పెట్టిందే. రాత్రి నిద్రపట్టక, ఎప్పుడో అన్న ఒక్క మాట గుర్తొచ్చి లేచి కూర్చున్నవాళ్లకు ఈ కవితను వివరించాల్సిన పనే లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎంపిక చేతిలో ఉన్నవాళ్ల కవితలు. లేనివాళ్ల సంగతి? పశ్చాత్తాపాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నను దాటేసి వెళ్లిపోతుంటాం, అది నాకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. గురజాడ 'పూర్ణమ్మ' ఈ ప్రశ్న మీదే నిలబడి ఉంది. డబ్బుకు ఆశపడి తల్లిదండ్రులు చిన్నపిల్లను ముసలివాడికి కట్టబెట్టారు. నిర్ణయం తల్లిదండ్రులది, దాని ఫలితం పూర్ణమ్మది. కాపురానికి తీసుకెళ్లే రోజున ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకుని, రోజూ పువ్వులు కోసి పూజ చేసే దుర్గ కోనేటి వైపు వెళ్లిపోతుంది. కవిత ఇలా ముగుస్తుంది:

కన్నుల కాంతులు కలువల చేరెను
మేలిమి చేరెను మేని పసల్
హంసల చేరెను నడకల బెడగులు
దుర్గను చేరెను పూర్ణమ్మ

కలువల్లాంటి కళ్లు, బంగారు మేని ఛాయ, హంసనడక. ఈ పోలికలు మన కావ్యాల్లో వందల ఏళ్లుగా ఆడపిల్లల మీద పెడుతూ వచ్చినవే. గురజాడ వాటిని ఆమె మీద పెట్టడం లేదు, ఆమె దగ్గర్నుంచి తీసి ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేస్తున్నాడు. కాంతి కలువలకు వెళ్లిపోయింది, పసిమి బంగారానికి, నడక హంసకు. మనిషి పోయాక ఉపమానాలు తమ తమ చోట్లకు వెళ్లిపోయాయి. రూపకాన్ని విప్పేసి కవిత చెప్పడం తెలుగులో నాకు తెలిసి ఇంత గొప్పగా ఇంకెక్కడా జరగలేదు. తల్లిదండ్రులు పశ్చాత్తాపపడ్డారా లేదా అన్నది ఈ ముగింపులో లేదు. ఉంటే కథ వాళ్లది అయిపోయేది, వాళ్ల కన్నీళ్లు చూసి మన మనసు కరిగిపోయేది. గురజాడ ఆ అవకాశం వాళ్లకు ఇవ్వలేదు, అది సరైన పని అనే అనుకుంటున్నాను.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఠాగూర్ గీతాంజలిలోని బిచ్చగాడు ఉంటాడు. 1912 ఇంగ్లీషు గీతాంజలిలో యాభయ్యో కవిత, చలం అనువాదంలోనూ చాలామంది చదివే ఉంటారు. ఇంటింటా అడుక్కుంటూ పోతుంటే దూరంగా బంగారు రథం, రాజులకు రాజు. ఇక చెడ్డరోజులు పోయాయి అనుకుంటాడు. రథం ఆగుతుంది, రాజు దిగి, చెయ్యి చాచి, నాకేమిస్తావ్ అంటాడు. బిచ్చగాడు తికమకపడి జోలెలోంచి అన్నిట్లోకీ చిన్న గింజ ఒకటి తీసి ఇస్తాడు. సాయంత్రం జోలె బోర్లించి చూసుకుంటే కుప్పలో ఒక చిన్న బంగారు గింజ. అప్పుడు ఏడుస్తాడు, ఉన్నదంతా ఇచ్చేయడానికి మనసు రాలేదే అని. దీన్ని భక్తి కవితగా చదవడం సహజం, అలా చదవొచ్చు కూడా. నన్ను పట్టి ఆపేది అందులోని లెక్క. ఇచ్చినంతే తిరిగొచ్చింది, అదే గింజ, అంతే పరిమాణం, కాబట్టి ఎంత పోగొట్టుకున్నాడో ఆ జోలెలో మిగిలిన గింజలన్నీ లెక్క చెబుతున్నాయి. ఇంత స్పష్టమైన పశ్చాత్తాపం మనలో ఎవరికీ దొరకదు. మన చేతికి వచ్చిన ఫలితం ఏ ఎంపికకు బదులో కూడా తేల్చుకోలేం, వదిలేసినవాటి విలువ ఎంతో ఎవరూ కుప్ప పోసి చూపించరు. అందుకేనేమో ఈ కవిత చదువుతుంటే ఏడుస్తున్న ఆ బిచ్చగాడి మీద నాకు కొంచెం అసూయ కూడా కలుగుతుంది.

భర్తృహరికి అలాంటి లెక్క మీద నమ్మకం లేదు. వైరాగ్య శతకంలో, ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యాలుగా మలిచిన ఆ సుభాషితాల్లో, నాలుగు ముక్కల శ్లోకం ఒకటుంది. 'భోగా న భుక్తా వయమేవ భుక్తాః' అని మొదలవుతుంది. భోగాలను మనం తినలేదు, అవే మనల్ని తినేశాయి. తపస్సును మనం తపించలేదు, మనమే తపించిపోయాం. కాలం గడిచిపోలేదు, మనమే గడిచిపోయాం. ఆశ ముసలిదవలేదు, మనమే ముసలివాళ్లమైపోయాం. దారి, చెట్టు, ఇల్లు, జోలె ఏవీ లేవు. ఉన్న పనల్లా ఒక్కటే, చేసేవాడికీ చేయబడేదానికీ చోట్లు మార్చేయడం. మనం తింటున్నాం అనుకున్న చోట మనమే కంచంలో ఉన్నాం. ఎంచుకున్నది మనమే అన్న ధీమా మీద నడిచే పశ్చాత్తాపానికి ఇక్కడ కాలు మోపే చోటే లేదు, ఎంచుకునేవాడే లేనప్పుడు దేన్ని తప్పుగా ఎంచుకున్నట్టు? అయినా శ్లోకం నిండా చింత ఉంది. ఫలానా రోజు, ఫలానా తప్పు అని వేలు పెట్టి చూపించలేని చింత అది, ఒక వయసు దాటాక చాలామందికి తెలిసొచ్చేది ఆ రకమే. నాలుగు పాదాల్లోనూ భర్తృహరి 'నేను' అనలేదు. నాలుగుసార్లూ 'వయమ్', అంటే 'మనం', అనే అన్నాడు, చదువుతున్నవాళ్లను కూడా కలుపుకుని.